లెక్కకు రాని ఓటు – కాలిఫోర్నియా కమ్యూనిటీ కళాశాలల విద్యార్థి సంఘాల చరిత్ర

మన సంఘ సభ్యులలో ఏటా కొందరు పిల్లల వద్దకు అమెరికా వెళ్ళి ఐదారు నెలలు ఉండి వస్తున్నారు. కాలిఫోర్నియాలోని కూపర్టినో, సన్నీవేల్, ఫ్రీమాంట్ పట్టణాల పేర్లు మన సమావేశాల్లో గుంటూరు, వరంగల్ పేర్లంత మామూలుగా వినిపిస్తున్నాయి. కూపర్టినోలో ఉండి వచ్చిన వారిలో చాలామంది సాయంకాలం నడకకు వెళ్ళినప్పుడు డి ఆంజా కళాశాల పక్కనుంచి వెళ్ళే ఉంటారు. విశాలమైన ఆవరణ, చెట్లు, కార్లు నిలిపే చోట పైకప్పులా పరచిన సౌర ఫలకాలు చూసి, "ఎంత బాగా ఉంచుకున్నారండీ!" అనుకొని వచ్చేసి ఉంటారు. ఆ బాగు దానంతటది రాలేదు. పాలకులు దయతలచి ఇచ్చినది అంతకంటే కాదు. దాని వెనుక విద్యార్థి సంఘాలు ఏళ్ళ తరబడి పెట్టిన అర్జీలు, హాజరైన సమావేశాలు, వ్రాయించిన తీర్మానాలు ఉన్నాయి.

విద్యార్థి ఉద్యమం అనగానే మనకు బంద్‌లు, బస్సుల అద్దాలు గుర్తుకు వస్తాయి. ఇక్కడ చెప్పబోయేది అటువంటి చరిత్ర కాదు, కమిటీల చరిత్ర. ఫైళ్ళ మధ్య జీవితం గడిపిన మనకు ఇటువంటి చరిత్రే బాగా అర్థమవుతుంది. అధికారం లేనివారు, సమ్మె కట్టినా ఎవరి పనీ ఆగనివారు తమకు కావలసినది ఎలా సాధించుకుంటారు? ఈ ప్రశ్న ఆ పిల్లలకు ఎంత ముఖ్యమో పింఛనుదారులమైన మనకూ అంతే ముఖ్యం కనుక ఈ వ్యాసం వ్రాయడానికి పూనుకున్నాను.

కమ్యూనిటీ కళాశాల అంటే ఏమిటి?

ముందుగా ఈ కళాశాలల స్వరూపం తెలియాలి. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్ పట్టణంలో, హైస్కూలులోనే మరో రెండేళ్ళ పై చదువు చెప్పే ఏర్పాటుగా, ఆరుగురు విద్యార్థులతో మొదటి ప్రభుత్వ జూనియర్ కళాశాల మొదలైంది. కాలిఫోర్నియాలో 1907లో హైస్కూళ్ళకు ఇటువంటి అనుమతినిస్తూ చట్టం చేశారు. 1910లో ఫ్రెస్నోలో తరగతులు ప్రారంభమయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నత విద్యా కమిషన్ ఇటువంటి కళాశాలలు దేశమంతటా రావాలని సిఫారసు చేసింది. "కమ్యూనిటీ కళాశాల" అన్న పేరు వాడుకలో స్థిరపడింది అప్పటినుంచే.

ఇక్కడ రెండేళ్ళు చదివి విశ్వవిద్యాలయంలో మూడో ఏట చేరవచ్చు. నర్సింగ్, ఆటోమొబైల్ వంటి చేతిపనుల చదువులూ ఉంటాయి. చేరడానికి పోటీ పరీక్ష లేదు. పగలు దుకాణంలో పనిచేసి రాత్రి తరగతికి వచ్చేవారు, పిల్లల తల్లులు, కొత్తగా దేశానికి వచ్చినవారు, ఉద్యోగం పోయి మరో పని నేర్చుకునే నడివయసువారు, అందరూ ఇందులో ఉంటారు. నేడు కాలిఫోర్నియాలో ఇటువంటి కళాశాలలు 116. ఏటా దాదాపు 20 లక్షల మంది చదువుతారు. చాలా కళాశాలలకు హాస్టళ్ళు లేవు. విద్యార్థి బస్సులోనో కారులోనో వస్తాడు, చదువుతాడు, వెళ్ళిపోతాడు. రాత్రి పదింటికి తరగతి ముగిశాక ఒక ఆడపిల్ల ఒంటరిగా కారు దాకా నడవవలసి వస్తుంది. కనుక ఇక్కడ భద్రత అంటే మొట్టమొదట దీపాలు. తర్వాత బస్సు సౌకర్యం. ఇంకా తరచి చూస్తే, అసలు తల దాచుకునే చోటు.

పన్నుల తిరుగుబాటు, ఫీజుల రాక

కాలిఫోర్నియా కమ్యూనిటీ కళాశాలల్లో 1984 వరకు ఆ రాష్ట్రవాసులకు ట్యూషన్ ఫీజు లేదు. ఇంటి పన్నుల రాబడితో అవి నడిచేవి. 1970లలో ఇళ్ళ ధరలు విపరీతంగా పెరిగాయి, వాటితో పాటు ఇంటి పన్నులూ పెరిగాయి. ఇంట్లో ఉన్నవారి రాబడి మాత్రం పెరగలేదు. పింఛను మీద బ్రతికే వృద్ధ దంపతులు పన్ను కట్టలేక, నలభై ఏళ్ళు కాపురమున్న ఇల్లు అమ్ముకోవలసి వస్తుందేమోనని భయపడ్డారు. హోవార్డ్ జార్విస్ అనే డెబ్బయి దాటిన పెద్దమనిషి నాయకత్వంలో పన్నుల మీద తిరుగుబాటు వచ్చింది. 1978 జూన్‌లో 13వ ప్రతిపాదనను ప్రజలు ఓటు వేసి నెగ్గించారు. ఇంటి పన్ను విలువలో ఒక శాతానికి మించరాదని నిబంధన వచ్చింది.

వృద్ధులకు ఊరట కలిగింది. వారి భయం నిజమైన భయమే, దానిని తప్పుపట్టడానికి లేదు. కాని ఆ లోటు కళాశాలల మీద పడింది. తరగతులు తగ్గాయి, మరమ్మతులు వాయిదా పడ్డాయి. చివరకు 1984లో మొదటిసారి యూనిట్‌కు 5 డాలర్ల చొప్పున ఫీజు పెట్టారు. 2012 నాటికి అది 46 డాలర్లయింది. వృద్ధుల ఇల్లు ఒక వైపు, పిల్లల బడి ఒక వైపు. ఇద్దరికీ న్యాయం ఉన్నప్పుడు ఎవరిని కాదనాలి? ఈ చిక్కుముడి కథలో మళ్ళీ వస్తుంది.

కుర్చీ దొరికిన విధం

ఈ కళాశాలలను జిల్లాలవారీగా ప్రజలు ఎన్నుకున్న ధర్మకర్తల మండలి పాలిస్తుంది. 1970ల చివర చేసిన చట్టంతో ఆ మండలిలో విద్యార్థి ప్రతినిధికి ఒక కుర్చీ దొరికింది. అయితే అతని ఓటు సలహా ఓటు మాత్రమే. తీర్మానం నెగ్గిందా, వీగిందా అని లెక్కించేటప్పుడు అది లెక్కకు రాదు. రహస్య సమావేశాల్లో అతనికి ప్రవేశం కూడా లేదు.

మనవాళ్ళయితే "అటువంటి ఓటు దేనికయ్యా?" అంటారు. ఆ మాట కొందరు విద్యార్థులు కూడా అన్నారు. కాని కుర్చీలో కూర్చున్నవాడికి అజెండా కాగితాలు ముందుగా అందుతాయి. మాట్లాడే హక్కు ఉంటుంది. అతను అన్న మాట మినిట్స్‌లో నమోదవుతుంది. ఈ మూడింటి విలువ ఆఫీసులో పనిచేసిన ఎవరికైనా తెలుసు. నోట్‌ఫైలులో ఒకసారి ఎక్కిన అభ్యంతరాన్ని పై అధికారి కాదనవచ్చునేమో గాని, లేదనలేడు.

1988లో వచ్చిన శాసనం, ఎ.బి. 1725 అని దాని పేరు, మరో అడుగు ముందుకు వేసింది. కళాశాల పాలనలో అధ్యాపకులు, సిబ్బందితో పాటు విద్యార్థులకూ సమర్థంగా పాల్గొనే అవకాశం కల్పించాలని అది ఆదేశించింది. దాని కింద చేసిన నిబంధనలలో, విద్యార్థుల మీద గణనీయంగా ప్రభావం చూపే విషయాలు తొమ్మిది పేర్కొన్నారు. మార్కుల విధానం, క్రమశిక్షణ నియమాలు, పాఠ్యాంశాలు, ఫీజులు, విద్యార్థి సేవలు, ప్రణాళిక, బడ్జెట్ తయారీ వంటివి అందులో ఉన్నాయి. వీటిపై విద్యార్థుల అభిప్రాయం వినకుండా సాధారణంగా నిర్ణయం తీసుకోరాదు. మన రాష్ట్రంలో ఉద్యోగ సంఘాలకు జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ ఉన్నట్లే ఇదీ అనుకోవచ్చు. అక్కడ కూర్చున్నంత మాత్రాన డిమాండ్ నెరవేరదు. కాని అడగడానికి ఒక చోటు, జవాబు చెప్పవలసిన ఒక అధికారి ఉంటారు.

"ప్రణాళిక, బడ్జెట్" అన్న రెండు మాటలు ఆ జాబితాలో ఉండడం వల్లే దీపస్తంభాల నుంచి సౌర విద్యుత్తు దాకా అన్నింటిలోనూ మాట్లాడే దారి విద్యార్థులకు ఏర్పడింది.

భద్రత – దీపాల నుంచి నివేదికల దాకా

1986 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లీహై విశ్వవిద్యాలయ హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే పందొమ్మిదేళ్ళ విద్యార్థిని హత్యకు గురైంది. దానంతటవే తాళం పడే తలుపులకు ఎవరో అడ్డు పెట్టి తెరిచి ఉంచారు. ఆ దారిన వచ్చినవాడు అదే విశ్వవిద్యాలయ విద్యార్థి. ఆవరణలో అంతకుముందు నేరాలు జరిగాయని తమకు ఎవరూ చెప్పలేదని తల్లిదండ్రులు వాపోయారు. వాపోయి ఊరుకోలేదు. పరిహారంగా వచ్చిన సొమ్ముతో ఒక సంస్థ పెట్టి, చట్టసభల చుట్టూ తిరిగారు. 1990లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. 1998లో దానికి క్లెరీ పేరే పెట్టారు. కేంద్ర ప్రభుత్వ విద్యా సహాయం పొందే ప్రతి కళాశాలా తన ఆవరణలో జరిగిన నేరాల లెక్కను ఏటా అక్టోబరు 1లోగా ప్రకటించాలి. ప్రమాదం పొంచి ఉన్నప్పుడు విద్యార్థులను సకాలంలో హెచ్చరించాలి. ఈ నిబంధనలు కమ్యూనిటీ కళాశాలలకూ వర్తిస్తాయి.

ఈ చట్టంతో విద్యార్థి సంఘాల చేతికి ఒక ఆయుధం వచ్చింది. అంతవరకు "చీకటిగా ఉంది, భయంగా ఉంది" అని అడిగితే అది ఫిర్యాదు. ఇప్పుడు అంకెలు చూపి అడిగితే అది కేసు. అనేక కళాశాలల్లో విద్యార్థి సంఘం వారు రాత్రివేళ అధికారులను, పోలీసువారిని వెంటబెట్టుకొని ఆవరణ అంతా నడిచే ఆనవాయితీ ఏర్పడింది. ఏ దీపం వెలగడం లేదు, ఏ మూల పొదలు పెరిగాయి, ఎక్కడ అత్యవసర టెలిఫోను పనిచేయడం లేదు, అన్నీ కాగితం మీద వ్రాసుకుంటారు. మరుసటి సమావేశంలో ఆ కాగితమే అజెండా. మన భాషలో చెప్పాలంటే జాయింట్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు. దీనికి మించిన వినతిపత్రం ఏముంటుంది?

2001 జనవరిలో డి ఆంజా కళాశాలకే గండం వచ్చింది. సాన్ హోసే నగరంలో ఒక మందుల దుకాణంలో ఫోటోలు కడిగే విభాగంలో పనిచేసే పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, ఒక యువకుడు కడగమని ఇచ్చిన ఫోటోలలో తుపాకులు, బాంబులు ఉండడం చూసింది. నాకెందుకులే అనుకోలేదు. పోలీసు ఉద్యోగి అయిన తండ్రికి కబురు చెప్పింది. ఫోటోలు తీసుకోవడానికి వచ్చిన ఆ యువకుణ్ణి పోలీసులు పట్టుకున్నారు. అతడు డి ఆంజా విద్యార్థి. జనవరి 30న కళాశాల భోజనశాలలో బాంబులు పేల్చాలన్నది అతని పథకం. ఇంట్లో పదుల సంఖ్యలో బాంబులు దొరికాయి. ఆ రోజు కళాశాలను ఖాళీ చేయించారు. ఎవరికీ ఏమీ కాలేదు. కౌంటరు దగ్గర కూర్చున్న ఒక చిన్న ఉద్యోగి తన చేతికి వచ్చిన కాగితాన్ని శ్రద్ధగా చూడడం వల్ల ఎందరి ప్రాణాలో నిలిచాయి. గుమాస్తా పని చేసిన మనం ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసినది.

అన్ని చోట్లా అంత అదృష్టం లేదు. 2015 అక్టోబరు 1న, సరిగ్గా భద్రతా నివేదికలు ఇవ్వవలసిన ఆఖరి తేదీనాడే, ఆరిగన్ రాష్ట్రంలోని అంప్‌క్వా కమ్యూనిటీ కళాశాలలో ఒక విద్యార్థి కాల్పులు జరిపి తొమ్మిది మందిని చంపాడు. ఎనిమిది మంది విద్యార్థులు, ఒక అధ్యాపకుడు. నివేదిక ఇచ్చినంత మాత్రాన భద్రత రాదని దీనివల్ల తెలుస్తుంది. తలుపులకు లోపలినుంచి తాళాలు, హెచ్చరిక సందేశాలు, మానసిక వైద్య సలహా, ఇవన్నీ ఆ తర్వాతి ఏళ్ళలో విద్యార్థి సంఘాల కోర్కెల పత్రాల్లో ముందుకు వచ్చాయి.

భద్రత అన్న మాటకు అర్థం కూడా పెరుగుతూ వచ్చింది. 2019లో ప్రకటించిన ఒక సర్వేలో, కాలిఫోర్నియా కమ్యూనిటీ కళాశాలల్లో జవాబిచ్చిన విద్యార్థులలో 19 శాతం మంది అంతకు ముందు ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు లేకుండా గడిపినవారని తేలింది. సగం మందికి తిండికి ఇబ్బంది ఉంది. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన కంపెనీల పక్కన, కారులో నిద్రపోయి ఉదయం తరగతికి వెళ్ళే పిల్లలున్నారన్నమాట. 2016లో వచ్చిన ఒక చట్టం, ఆవరణలో స్నానపు గదులున్న కళాశాలలు ఇల్లులేని విద్యార్థులను వాటిని వాడుకోనివ్వాలని చెప్పింది. రాత్రిపూట కళాశాల పార్కింగ్ స్థలంలో కారులో పడుకోనివ్వాలని 2019లో మరో బిల్లు వచ్చింది. ఖర్చు, బాధ్యత ఎవరివన్న వాదనల మధ్య అది ఆగిపోయింది. అన్ని అర్జీలూ నెగ్గవు.

పర్యావరణం – పాతిపెట్టిన కారు నుంచి పాఠం చెప్పే భవనం దాకా

1969 జనవరిలో శాంటా బార్బరా తీరంలో సముద్రపు చమురుబావి పగిలి తీరమంతా నల్లబడింది. 1970 ఏప్రిల్ 22న మొదటి ధరిత్రీ దినోత్సవం జరిగింది. దానికి రెండు నెలల ముందే, డి ఆంజాకు పొరుగున ఉన్న సాన్ హోసే స్టేట్ కళాశాల విద్యార్థులు ఒక విచిత్రమైన పని చేశారు. చందాలు వేసుకొని సరికొత్త ఫోర్డ్ మావెరిక్ కారు కొని, ఊరేగించి, గొయ్యి తవ్వి పాతిపెట్టారు. పొగ కక్కే కారుకు అంత్యక్రియలన్నమాట. దీనిమీద నల్లజాతి విద్యార్థులు అక్కడే నిరసన తెలిపారు. ఆ డబ్బు పేదపిల్లల చదువుకు ఖర్చుపెడితే ఏమయ్యేదని వారు అడిగారు. ఆ ప్రశ్నకు విలువ ఉంది. పర్యావరణం పేరు చెప్పి చేసే ప్రతి ఖర్చుకూ నేటికీ ఆ ప్రశ్న వర్తిస్తుంది.

డి ఆంజావారు మరో దారి పట్టారు. 1967లో తెరిచిన ఆ కళాశాలలో 1971లోనే, ఒక జీవశాస్త్ర అధ్యాపకుడి చొరవతో, కాలిఫోర్నియా స్థానిక మొక్కలతో చిన్న అధ్యయన వనం ఏర్పడింది. ఒకప్పుడు ఆ లోయ అంతా ఆప్రికాట్, ప్రూన్ తోటలు. కంపెనీలు వచ్చి తోటలు పోతున్న కాలంలో ఎకరం పైచిలుకు నేలలో పాత చెట్టూ చేమా నిలబెట్టారు. ఆ వనం పక్కనే 2005లో కిర్ష్ పర్యావరణ అధ్యయన కేంద్రం తెరుచుకుంది. 1990లలో అధ్యాపకులు, విద్యార్థులు కలిసి కూర్చొని ఆలోచించి, దాతలను వెతికి, ప్రజలు ఆమోదించిన నిధులు జతచేసి కట్టించినది. పగలు దీపం అక్కరలేకుండా వెలుతురు, వీలైనంత వరకు సహజమైన గాలి, పైన సౌర ఫలకాలు. భవనమే పాఠం చెప్పాలన్నది వారి ఉద్దేశ్యం. హరిత భవనాలకు అమెరికాలో ఇచ్చే "లీడ్" గుర్తింపులో అత్యున్నతమైన ప్లాటినం స్థాయి దానికి లభించింది.

పెద్ద భవనాలే కాదు. డి ఆంజా విద్యార్థి సంఘం దశాబ్దాలపాటు ప్రతి నెలా మొదటి శనివారం పార్కింగ్ స్థలంలో పాత వస్తువుల సంత నడిపింది. 2020లో కరోనా వచ్చేదాకా అది సాగింది. స్థలం అద్దెల రాబడితో సంఘం తన కార్యక్రమాలు నడుపుకొనేది. ఒకరికి పనికిరానిది మరొకరికి పనికివచ్చేది. అలాగే ప్రతి విద్యార్థీ స్థానిక బస్సుల్లో ఉచితంగా తిరిగేలా పాసు ఏర్పాటుకు విద్యార్థులే ఓటింగు జరిపి తమమీద తామే చిన్న రుసుము వేసుకున్నారు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఇటువంటి రవాణా రుసుము విధించాలంటే విద్యార్థుల ఓటు తప్పనిసరి. పన్ను తగ్గించమని అందరూ అడుగుతారు. తమమీద తాము రుసుము వేసుకొని పక్కవాడికి బస్సు సౌకర్యం తెచ్చినవారు ఎక్కడో గాని ఉండరు.

2013 అక్టోబరులో ఇంకొక విశేషం జరిగింది. ఫుట్‌హిల్–డి ఆంజా కళాశాలలకు దాతలిచ్చిన నిధిని చూసే ఫౌండేషన్, బొగ్గు, చమురు, గ్యాస్ కంపెనీల వాటాల్లో పెట్టుబడి మానుకోవాలని తీర్మానించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి కమ్యూనిటీ కళాశాల ఫౌండేషన్ అదే. దీనిని అడిగినవారు విద్యార్థులు. ఊరేగింపు తీసి కాదు, ఫౌండేషన్ సభ్యుల ముందు లెక్కలు పెట్టి ఒప్పించారు.

దీపాల విషయంలో మాత్రం భద్రతకు, పొదుపుకు వైరం ఉంటుంది. కరెంటు ఆదా చేయాలంటే దీపాలు తగ్గించాలి, భద్రత కావాలంటే పెంచాలి. ఈ తగవును ఎల్.ఇ.డి. దీపాలు చాలావరకు తీర్చాయి. 2012లో రాష్ట్ర ప్రజలు ఆమోదించిన ఒక ప్రతిపాదనతో, ఇంధన పొదుపు పనులకు బడులకు, కమ్యూనిటీ కళాశాలలకు ఐదేళ్ళపాటు ప్రత్యేక నిధులు వచ్చాయి. ఆ డబ్బుతో కళాశాలలు చేయించిన పనులలో పాత దీపాలు తీసి ఎల్.ఇ.డి. దీపాలు పెట్టించడం ప్రధానమైనది. బిల్లు తగ్గింది, వెలుగు పెరిగింది. 2019 నాటికి రాష్ట్ర కమ్యూనిటీ కళాశాలల గవర్నర్ల మండలి వాతావరణ మార్పుపై ఒక విధానాన్ని ఆమోదించింది. ఆ మండలిలో కూడా ఇద్దరు విద్యార్థులకు స్థానముంది.

పక్కపక్కన రెండు కుర్చీలు

ఇక మనకు ముఖ్యమైన ఘట్టం. 1978 ప్రతిపాదన తర్వాత కళాశాలలకు భవనాల నిధి దొరకడం కష్టమైంది. బాండ్లు అమ్మి డబ్బు తేవాలంటే స్థానిక ఓటర్లలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి, ఆ అప్పు ఇంటి పన్నుతోనే తీర్చాలి. 2000 నవంబరులో 39వ ప్రతిపాదన నెగ్గి, ఆ పరిమితి 55 శాతానికి తగ్గింది. దానికి బదులుగా ప్రజలకు ఒక హామీ ఇవ్వవలసి వచ్చింది. బాండ్ల సొమ్ము చెప్పిన భవనాలకే ఖర్చుపెట్టాలి, జీతాలకు వాడరాదు. ఏటా ఆడిట్ జరగాలి. ఆ ఖర్చును చూడడానికి కనీసం ఏడుగురితో ఒక పౌర పర్యవేక్షణ సంఘం ఉండాలి. జిల్లా ఉద్యోగి గాని, కాంట్రాక్టరు గాని అందులో ఉండరాదు. జీతభత్యాలు లేవు.

ఆ ఏడుగురిలో ఎవరుండాలో చట్టమే చెప్పింది. వ్యాపార సంఘం నుంచి ఒకరు, పన్ను చెల్లింపుదారుల సంఘం నుంచి ఒకరు. కమ్యూనిటీ కళాశాల అయితే విద్యార్థి సంఘం వంటి బృందంలో పనిచేస్తున్న విద్యార్థి ఒకరు. వీరితో పాటు, వృద్ధ పౌరుల సంఘంలో పనిచేస్తున్నవారు ఒకరు!

1978లో పన్ను భారం మోయలేమన్న వృద్ధులు, దానివల్ల బడి కోల్పోయిన పిల్లలు, ఇరవై రెండేళ్ళ తర్వాత ఒకే బల్ల ముందు పక్కపక్కన కూర్చున్నారు. ఒకరు డబ్బు కట్టేవారు, ఒకరు ఆ భవనంలో చదివేవారు. ఇద్దరికీ కావలసినది ఒకటే. పైసా వృథా కాకూడదు. పింఛనుదారుని ఇలా శాసనబద్ధంగా గుర్తించిన మాట చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఫుట్‌హిల్–డి ఆంజా జిల్లాలో 2006లో 49 కోట్ల డాలర్లకు పైగా, 2020లో 89 కోట్ల 80 లక్షల డాలర్ల బాండ్లు ప్రజలు ఆమోదించారు. వాటి ఖర్చును చూసేది ఇటువంటి సంఘమే.

కుర్చీ ఉన్నా కన్ను లేకపోతే

అయితే కుర్చీ ఇచ్చినంత మాత్రాన అన్నీ సవ్యంగా సాగవు. లాస్ ఏంజెలెస్ జిల్లా ఉదాహరణ చూడండి. అక్కడ తొమ్మిది కళాశాలలు. 2001, 2003, 2008 సంవత్సరాల్లో మూడు విడతలుగా దాదాపు 570 కోట్ల డాలర్ల బాండ్లకు ప్రజలు ఒప్పుకున్నారు. కొత్త భవనాలన్నీ హరిత భవనాలుగా కట్టాలని 2002లోనే విధానం చేశారు. సంకల్పం మంచిదే. కాని 2011లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక వరుస వ్యాసాలు వ్రాసి బండారం బయటపెట్టింది. నాసి పనులు, కట్టి కూల్చినవి, కళాశాలలు తమ కరెంటు మొత్తం తామే తయారుచేసుకుంటాయని గొప్పగా వేసి అమలు కాని పథకాలు. అదే ఏడాది రాష్ట్ర కంట్రోలర్ జరిపిన ఆడిట్‌లోనూ పర్యవేక్షణ సరిగా లేదని తేలింది. పౌర పర్యవేక్షణ సంఘం కూడా తన పని గట్టిగా చేయలేదన్న విమర్శ అందులో ఉంది.

చట్టం అదే, కుర్చీలు అవే. ఇచ్చిన కాగితాలు చదవకుండా సంతకం పెడితే ఫలితం ఇలాగే ఉంటుంది. మన ఆడిట్ పేరాల అనుభవం ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

రెండేళ్ళ జ్ఞాపకం

విద్యార్థి సంఘాల అసలు బలహీనత మరొకటి ఉంది. వారు రెండు మూడేళ్ళలో వెళ్ళిపోతారు. ఈ ఏడు దీపాల కోసం పోరాడిన అమ్మాయి, స్తంభాలు పాతేనాటికి ఎక్కడో విశ్వవిద్యాలయంలో ఉంటుంది. కొత్తగా వచ్చినవారికి పాత హామీలు తెలియవు. ఈ సంగతి తెలిసిన అధికారి "పరిశీలిస్తాం" అని రెండేళ్ళు గడిపితే చాలు, అడిగినవారే ఉండరు. అందుకే గట్టి సంఘాలు తీర్మానాల పుస్తకం నిర్వహించాయి, వెళ్ళేవారు వచ్చేవారికి ఫైళ్ళు అప్పగించే పద్ధతి పెట్టుకున్నాయి, రాష్ట్రస్థాయిలో ఒక సంఘంగా కూడాయి. 2019లో చేసిన చట్టంతో ప్రతి విద్యార్థి నుంచి ప్రతి టెర్మ్‌కు 2 డాలర్ల ప్రాతినిధ్య రుసుము వసూలు చేసే ఏర్పాటు వచ్చింది. వద్దన్నవారు మినహాయింపు పొందవచ్చు. అందులో ఒక డాలరు రాష్ట్ర సంఘానికి వెళుతుంది. చందా లేనిదే సంఘం లేదన్న సత్యం అక్కడా ఇక్కడా ఒకటే.

మిత్రులారా, మన పరిస్థితి దీనికి భిన్నమా? మనం సమ్మె చేసినా ఏ ఆఫీసూ మూతపడదు. పాలకుల ముందు మనకున్నదీ లెక్కకు రాని ఓటు వంటిదే. విద్యార్థులు చదువు ముగించుకొని వెళ్ళిపోతారు. మనవారు మరో విధంగా వెళ్ళిపోతున్నారు. గత సమావేశంలో ఉన్నవారు ఈ సమావేశంలో ఉండడం లేదు, వారితో పాటే ఏ జి.ఓ. ఎందుకు వచ్చిందో, ఏ హామీ ఏ తేదీన ఎవరిచ్చారో తెలిసిన జ్ఞాపకమూ పోతున్నది. డి.ఆర్. బకాయిల విషయంలో, వైద్య సౌకర్యాల విషయంలో "మీకు ఎవరు చెప్పారండీ?" అని అడిగితే చూపించడానికి కాగితం కావాలి.

కనుక నాకు తోచిన రెండు మాటలు చెప్పి ముగిస్తాను. మొదటిది, మన ప్రతి శాఖలోనూ ఒక రిజిస్టరు పెట్టి, సంఘం ఇచ్చిన వినతిపత్రాలు, వచ్చిన జవాబులు, రాని జవాబులు తేదీలవారీగా నమోదు చేయాలి. ఓపిక ఉన్న ఇద్దరికి ఆ బాధ్యత అప్పగించాలి. దస్తూరి బాగున్నవారు మనలో ఇంకా చాలామందే ఉన్నారు. రెండోది, మన ఊళ్ళోని ప్రభుత్వ జూనియర్ కళాశాల, డిగ్రీ కళాశాల వైపు ఒకసారి చూడాలి. ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్ళున్నాయా, సాయంత్రం గేటు దగ్గర దీపం వెలుగుతున్నదా, బస్సు ఆగుతున్నదా అని ఆ పిల్లలతో కలిసి నడిచి చూసి, ఉన్నదున్నట్టు వ్రాసి, వారి సంతకాల పక్కన మన సంతకాలు పెట్టి ప్రిన్సిపాల్ గారికి అందజేయాలి. కాగితం ఎలా వ్రాయాలో మనకు తెలుసు. అక్కడ ఏమి కావాలో వారికి తెలుసు.

కాలిఫోర్నియాలో వృద్ధుని కుర్చీ, విద్యార్థి కుర్చీ పక్కపక్కన వేయడానికి ఒక చట్టం కావలసి వచ్చింది. మన ఊళ్ళో ఆ పని మనమే చేసుకోవచ్చు.

శెలవు.